ఖిడ్కీ అవతలి ఇంగ్లీషు

ఆ ఎండాకాలం నేను నా భార్యను చూసి కుళ్ళుకున్నాను. పరాయివాడి మీద అసూయ పడితే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, ఓదార్చేవాళ్ళు దొరుకుతారు. కట్టుకున్న మనిషికి నా పని నాకంటే బాగా చేతనయిందని ఏడిస్తే వినేవాడెవడు? అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం. నేను బందరులో బి.ఏ. ప్యాసై, ఉద్యోగం దొరక్క రెండేళ్ళు తిరిగి, చివరికి హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాస్టరుగా కుదిరాను. రైలు దిగిన రోజే పరాయి దేశం వచ్చామని తెలిసిపోయింది. ఇక్కడ రూపాయి వేరు, నెలల పేర్లు వేరు, ఆఫీసు కాగితం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. నా తెలుగు విని టాంగావాడు నవ్వాడు. వామనరావునైన నేను వారం తిరక్కుండా వామన్‌రావు సాబ్‌ని అయిపోయాను. ఉర్దూ నాకు అక్షరం ముక్క రాలేదు. నా భార్య సూర్యప్రభ మాత్రం మూడు నెలల్లో కూరగాయలవాడితో బేరమాడి, వాడిని నవ్వించి, పైగా రెండు నిమ్మకాయలు ఎక్కువ వేయించుకుని వచ్చేది. అప్పటికి నాకది ముచ్చటగానే ఉండేది.

లాల్‌దర్వాజాలో నాగమణమ్మ అనే ఆవిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పెరటి గోడలో మనిషి వంగి దూరేంత చిన్న చెక్క తలుపు ఉండేది. ఆ పాత ఇళ్ళలో ఆడవాళ్ళు వీధి తొక్కకుండా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళడానికి అలాంటివి పెట్టుకునేవారు. దాన్ని ఖిడ్కీ అనేవాళ్ళు. మా ఖిడ్కీకి అవతల షఫీఉద్దీన్ సాహెబ్ ఇల్లు. తలుపు గడియ వాళ్ళ వైపు ఉండేది.

షఫీఉద్దీన్ సర్కారు దఫ్తరులో పెద్ద మున్షీ. యాభైకి దగ్గరి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, ఇస్త్రీ నలగని షేర్వాణీ. ఆయన దస్తూరీ చూడటానికి వేరే దఫ్తర్ల వాళ్ళు పనిగట్టుకు వచ్చేవారని చెప్పుకునేవారు. మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు.

"మాస్టర్ సాబ్, జూన్‌ల మా దఫ్తరుకు కొత్త దొర వస్తున్నడు. ఆయనకు ఉర్దూ రాదట. మాకు ఇంగ్రేజీ రాదు. ముప్పై ఏండ్ల నౌకరీల ఎన్నడు ఒకని ముందల మూగోని లెక్క నిలవడలేదు. ఇప్పుడు నిలవడేటట్టున్నది. జర నాలుగు ముక్కలు నేర్పుండ్రి."

అంత పెద్దమనిషి నా ముందు అలా అడిగేసరికి నాకు గాల్లో తేలినట్టయింది. మర్నాటి నుంచే ఆయన ఇంటి ముందుగది దివాన్‌ఖానాలో క్లాసు మొదలుపెట్టాను. దఫ్తరు నుంచి ఐదుగురు వచ్చేవారు. సాయంత్రం ఎండ తగ్గాక మొదలై, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడగానే ముగిసేది. వాళ్ళలో బహదూర్‌పురా నుంచి వచ్చే ముష్తాక్ అనే కుర్ర గుమాస్తాకు, షఫీఉద్దీన్‌కు తెలుగు వచ్చు. మిగతావాళ్ళకు నేను తెలుగులో చెప్పింది ముష్తాక్ దక్కనీలోకి మార్చి చెప్పేవాడు. ఒక మాట మూడు భాషలు దాటేసరికి దానిలో ఏం మిగిలేదో దేవుడికే తెలియాలి.

నాకు ఎలా నేర్పారో నేనూ అలాగే నేర్పాను. నామవాచకం, సర్వనామం, క్రియ, కాలాలు. ఒక్కో పదం విప్పి అది ఏ జాతిదో చెప్పించేవాణ్ణి.

మొదటి వారంలోనే షఫీఉద్దీన్ పలక పక్కన పెట్టి అడిగాడు. "మాస్టర్ సాబ్, 'నో' అంటే తెలుసుడు అన్నరు. గాని ముందల 'కె' ఎందుకు రాసిన్రు?"

"అది పలకకూడదండీ. మౌనం."

"పలకనిదాన్ని రాసుడెందుకు? మా ఉర్దూల రాయనిదాన్ని గూడ పలుకుతం. గీ ఇంగ్రేజోళ్ళు రాసినదాన్ని మింగుతరు. ఏంది గిది?"

అందరూ నవ్వారు.  "అది రూలు" అన్నాను. ఆయన తల ఊపి మళ్ళీ పలక తీసుకున్నాడు. పిల్లవాడైతే చెవి మెలిపెట్టి ఊరుకోవచ్చు. ముప్పై ఏళ్ళు కలంతో బతికిన మనిషి రెండక్షరాల మాట తప్పు చదివి, పక్కవాళ్ళు విన్నారేమోనని కళ్ళెత్తి చూస్తుంటే ఏం చేస్తాం? నేను ఇంకో రూలు చెప్పేవాణ్ణి. ముష్తాక్ 'ఇస్కూల్' అంటే, ముందు ఆ 'ఇ' తీసెయ్యమని ఇరవై సార్లు అనిపించేవాణ్ణి. ఇరవై ఒకటోసారి మళ్ళీ 'ఇస్కూల్' అనేవాడు. నెల గడిచేసరికి వాళ్ళు వాక్యాన్ని కోడిని కోసినట్టు ముక్కలు చేయగలిగారు. కాని ఒక్కడు కూడా నోరు తెరిచి 'గుడ్ మార్నింగ్' తర్వాత రెండో మాట అనలేకపోయేవాడు.

నాకొక రహస్యం ఉంది. నేను కూడా అనలేను. మా కాలేజీలో ప్రిన్సిపాలు తెల్లవాడే, కాని ఆయన మాట్లాడేవాడు, మేం రాసుకునేవాళ్ళం. బి.ఏ. చేతికొచ్చేదాకా ఒక ఇంగ్లీషువాడితో ఎదురుగా నిలబడి ఒక్క వాక్యం మాట్లాడలేదు.

ఏప్రిల్ మధ్యలో షఫీఉద్దీన్ ఇంకో కోరిక అడిగాడు. ఆయన కూతురు కుబ్రాకు ఇరవై ఏళ్ళు. పోయిన ఏడు పెళ్ళయింది. అల్లుడు అన్వర్ పెద్ద డాక్టరు చదువు కోసం ఎడింబరో వెళ్ళాడు. జూలైలో భార్యను పంపమని రాశాడు. రాస్తూ ఒక మాట కలిపాడు. తను పొద్దస్తమానం ఆస్పత్రిలో ఉంటాడు, ఇక్కడ రొట్టె కొనాలన్నా నోరు తెరవాలి, తెరవలేనంటే తన చదువు పూర్తయ్యేదాకా, మూడేళ్ళు, పుట్టింట్లోనే ఉండమనండి అని.

"ఆ ఖత్తు చదివిన కాంచి బిడ్డ నిద్రవోతలేదు" అన్నాడు షఫీఉద్దీన్. "పరదా అవుతల కూసుంటది. మీరు ఇవుతల్నుంచి చెప్పుండ్రి."

చెప్పాను. మందపాటి ఆకుపచ్చ పరదా. నేను ఒక వాక్యం అంటాను, ఆగుతాను. అవతల నుంచి ఏమీ రాదు. మళ్ళీ అంటాను. గాజుల చప్పుడు వస్తుంది, గొంతు రాదు. నాలుగో రోజు పరదా వెనక నుంచి తల్లి ఖైసర్ బేగం గొంతు వినబడింది. "మాస్టర్ సాబ్, బస్ కరో. బచ్చీ రోరీ." పిల్ల ఏడుస్తోందని ఎవరూ తెలుగు చేయకుండానే అర్థమైంది.

ఇంటికొచ్చి కండువా విసిరికొట్టాను. "మొద్దు పిల్ల. నోరు తెరవదు. ఆ అమ్మాయికి ఈ జన్మలో రాదు."

సూర్యప్రభ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా, "నేనొకసారి వెళ్ళి చూడనా?" అంది.

"నువ్వా? ఏం చెబుతావు?"

"ఏమీ చెప్పను. మాట్లాడతాను."

నేను నవ్వాను. సూర్యప్రభ తండ్రి బందరులో ఒక మిషను ఆస్పత్రిలో కాంపౌండరు. ఆ ఆవరణలోనే ఇల్లు. అక్కడి నర్సు దొరసానుల వెంట తిరుగుతూ పెరిగింది. చదివింది నాలుగో ఫారం, అదీ సగం. ఆవిడ ఇంగ్లీషు నా దృష్టిలో చిలక పలుకులు. "సరే వెళ్ళు" అన్నాను, పోనీ సరదా తీరుతుందని.

మర్నాడు మధ్యాహ్నం వంట ముగించి ఖిడ్కీలో నుంచి వంగి అవతలికి వెళ్ళింది. గంట తర్వాత తిరిగొచ్చింది. ఏం చెప్పావని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. వారం రోజుల తర్వాత బడికి వేసవి సెలవులిచ్చారు. నేను ఇంట్లో పడుకుని ఉండగా గోడ అవతల నుంచి నవ్వు వినబడింది. ముగ్గురు ఆడవాళ్ళ నవ్వు. అందులో రెండు గొంతులు గుర్తుపట్టాను. మూడోది ఎప్పుడూ విననిది. అది కుబ్రా.

మెల్లగా వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను.

"హౌ మచ్ ఈజ్ దిస్ ఫిష్?" అంటోంది ఆ కొత్త గొంతు.

"సిక్స్ పెన్స్, మేడమ్" అంది నా భార్య, గొంతు మార్చి, మగవాడిలా.

"టూ మచ్! యువర్ ఫిష్ ఈజ్ ఓల్డ్!"

మళ్ళీ నవ్వులు. మా ఇంట్లో చేప పేరెత్తని మనిషి ఆ మిట్టమధ్యాహ్నం చేపలమ్ముతోంది. కాసేపటికి రైలు టిక్కెట్టు అమ్మింది. ఆ తర్వాత పక్కింటి దొరసాని అయి తలుపు తట్టింది. కుబ్రా తప్పు మాట్లాడుతోంది, తడుముకుంటోంది, మధ్యలో ఉర్దూ దొర్లిస్తోంది. కాని మాట్లాడుతోంది. నాకు నాలుగు రోజులు గాజుల చప్పుడు తప్ప ఇవ్వని పిల్ల.

నేను సంతోషించాల్సింది. దానికి బదులు తప్పుల కోసం చెవి రిక్కించాను. సరిగ్గా అప్పుడే సూర్యప్రభ, "హి డోంట్ కమ్ టుడే" అంది. డోంట్ కాదు, డజంట్! ఆ తప్పు చెవిన పడగానే నాకు ఎండలో మజ్జిగ తాగినంత చల్లగా అనిపించింది. ఆ తప్పును దాచిపెట్టుకున్నాను.

ఇక అది జబ్బయింది. రోజూ గోడ పక్కన నిలబడటం, తప్పులు ఏరుకోవడం. ఒకరోజు నాగమణమ్మకు పట్టుబడ్డాను.

"ఏంది బిడ్డా, గోడకు చెవి వెట్టినవ్? నీ పెండ్లాం ముచ్చట వింటున్నవా? మస్తు హుషారు పిల్ల. గల్లీల అందరు గామె గురించే చెప్పుకుంటున్నరు. మా ఎదురింటి విమలాదేవి గూడ తన కోడలికి నేర్పమని అడుగుతున్నది." ఆవిడ మంచి మనసుతోనే అంది. నాకు గుచ్చుకుంది.

మే నెలాఖరులో ఒక సాయంత్రం క్లాసులో చాయ్ వచ్చింది. నేను తొందరపడి గుక్క వేసి మూతి కాల్చుకున్నాను. షఫీఉద్దీన్ నవ్వి, ఏమాత్రం తడబడకుండా, "టీ ఈజ్ వెరీ హాట్. టేక్ యువర్ టైమ్, మాస్టర్ సాబ్" అన్నాడు.

 ముష్తాక్ "వాహ్!" అన్నాడు. నేను కప్పు కింద పెట్టాను.

"ఎక్కడ నేర్చుకున్నారు ఇది?"

"మా బిడ్డ దగ్గర" అన్నాడాయన, సిగ్గుతో మెరుస్తున్న మొహంతో. "అన్నం తినేటప్పుడు దస్తర్‌ఖాన్ ముందల ఇప్పుడు గిదే ముచ్చట. ఉప్పు ఇయ్యమంటే గూడ ఇంగ్రేజీల అడగాల్నట. ఆపా నేర్పింది అంటది. ఆపా, ఆపా! పొద్దంత గదే పేరు."

ఆపా అంటే అక్క, నా భార్య. రెండు నెలలు నేను నేర్పిన మనిషి నోట మొదటి వాక్యం వచ్చింది, అది నాది కాదు.

మిగతావాళ్ళు వెళ్ళాక నేను వెనక ఉండిపోయాను. ఏం చేయబోతున్నానో నాకు తెలుసు. నోరు దానంతటదే తిరిగిందని అబద్ధం చెప్పను.

"సాహెబ్, మీతో ఒక మాట. కుబ్రా విషయం. చెప్పడం నా ధర్మం."

"చెప్పుండ్రి."

"మా ఆవిడది శుద్ధమైన ఇంగ్లీషు కాదు. నాలుగో ఫారం కూడా పూర్తి చేయలేదు. ఆస్పత్రి ఆవరణలో ఏరుకున్న మాటలు. వ్యాకరణం లేదు. మొన్న నేనే విన్నాను, పెద్ద తప్పు. ఎడింబరో అంటే చదువుకున్నవాళ్ళ ఊరు. మీ అల్లుడేమో డాక్టరు. అక్కడ ఆ అమ్మాయి ఇలా మాట్లాడితే మీకే నామోషీ."

ఆయన మొహంలో మెరుపు పోయింది. గడ్డం సవరించుకున్నాడు. పండితుడు కదా, శుద్ధమైన భాష, అశుద్ధమైన భాష అంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టాను.

"మీరు ఉస్తాద్. మీకెరుక" అన్నాడు. "బంద్ చేయిస్త."

మర్నాడు మధ్యాహ్నం సూర్యప్రభ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఖిడ్కీ దగ్గరికి వెళ్ళింది. తోసింది. తలుపు రాలేదు. తట్టింది. అవతల అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కొంచెంసేపు నిలబడి తిరిగొచ్చింది.

"పడుకున్నారేమో" అన్నాను పుస్తకంలోంచి.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఆవిడ తలుపు తట్టలేదు. గడప మీద కూర్చుని ఆ చెక్క వైపు చూస్తూ అంది, "నాకిప్పుడు తెలిసిందండీ. మొన్న ఖైసర్ బేగం గారు షర్బత్ ఇస్తే వద్దన్నాను. మడి అనీ కాదు, ఏదో అలవాటు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. అందుకే తలుపు మూసేశారు."

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఆ రెండు మాటలు నేను అన్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆవిడ కళ్ళొత్తుకుని, "తాగాల్సింది. గ్లాసెడు షర్బత్తే కదా" అని లోపలికి వెళ్ళింది. నేను పుస్తకం పేజీ తిప్పాను.

పదిహేను రోజులు అలా గడిచాయి. కుబ్రాకు మళ్ళీ పరదా పాఠాలు మొదలయ్యాయి. మళ్ళీ గాజుల చప్పుడు. ఇప్పుడది కూడా తగ్గింది. ఒకరోజు షఫీఉద్దీన్ నీరసంగా, "ఎడింబరో వద్దంటున్నది బిడ్డ. మూడేండ్లు గీడనే ఉంటదట" అన్నాడు. గోడ అవతల నవ్వులు లేవు. నేను కోరుకున్నది దొరికింది. ఆ రాత్రి సగం అన్నం విస్తట్లోనే వదిలేసి లేచాను.

ఈలోగా జూన్ మొదటి వారంలో దఫ్తరుకు కొత్త దొర వచ్చాడు. రెండో వారానికే ఒక విచిత్రం జరిగింది. మున్షీ గారి అమ్మాయి ఎడింబరో వెళుతోందని ఎవరో చెబితే, అది తన సొంత ఊరని ఆయన ఎగిరి గంతేశాడట. "నా భార్యను తీసుకుని మీ ఇంటికి వస్తాను, అమ్మాయికి ఆవిడ అన్నీ చెబుతుంది" అన్నాడట. దొర ఇంటికి రావడమంటే మాటలా! షఫీఉద్దీన్ ఇల్లంతా సున్నం వేయించి, నన్ను పిలిచి, "మీరు దొర పక్కన కూసోవాలె, ఉస్తాద్. మా ఇజ్జత్ మీ చేతుల ఉన్నది" అన్నాడు.

ఆ రోజు తొలకరి పడి వెలిసింది. మట్టి వాసన వస్తోంది. దొరసాని పరదా వెనక ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. దొర దివాన్‌ఖానాలో నా ఎదురుగా కూర్చున్నాడు. ఎర్రటి మొహం, పెద్ద మీసాలు, నవ్వు కళ్ళు. షఫీఉద్దీన్ నన్ను చూపించి, "మై టీచర్, సర్" అన్నాడు. దొర నా చేయి ఊపుతూ ఏదో అడిగాడు.

నాకు ఒక్క మాట అర్థం కాలేదు.

నేను చదివిన ఇంగ్లీషు కాదది, స్కాట్లండు యాస. మాటలను దవడలో నమిలి, ర-కారాలను గులకరాళ్ళలా దొర్లిస్తున్నాడు. మళ్ళీ అడిగాడు. ఐదుగురు శిష్యులు నా నోటి వైపు చూస్తున్నారు.

"యెస్ సర్" అన్నాను.

దొర కనుబొమలు ముడిపడ్డాయి. అది అవును, కాదు అని చెప్పే ప్రశ్న కాదని అప్పుడు తెలిసింది.  షఫీఉద్దీన్ నన్ను ఒక్క క్షణం చూశాడు. వారంగా దఫ్తరులో ఆ యాస వింటున్న ఆయనకు ప్రశ్నా, నా అవస్థా రెండూ అర్థమయ్యాయి. చాయ్ కప్పు దొర ముందుకు జరుపుతూ, ఏమీ జరగనట్టు, "టూ మంత్స్, సర్. టూ మంత్స్ హి ఈజ్ టీచింగ్. వెరీ హార్డ్ టీచర్" అన్నాడు. దొర పగలబడి నవ్వాడు.  ఎన్నాళ్ళుగా నేర్పుతున్నావని అడిగాడన్న మాట. ఆ ప్రశ్న నేను కాగితం మీద రాస్తే నూటికి నూరు మార్కులు వస్తాయి.

అప్పుడు గమనించాను. పరదా అవతల దొరసాని గొంతు ఒక్కటే వినబడుతోంది. అడుగుతోంది, ఆగుతోంది. జవాబు లేదు. మళ్ళీ అడుగుతోంది. ఆ మౌనం నాకు బాగా తెలిసిన మౌనం. 

అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి ఖైసర్ బేగం పరుగెత్తిన చప్పుడు. పెరట్లో గడియ లాగిన చప్పుడు, చెక్క తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. "సూర్యబీ! ఓ సూర్యబీ! జల్దీ ఆవ్ మా!" అని కేక. కొంచెంసేపటికి నా భార్య గొంతు పరదా అవతల వినిపించింది, వంటింట్లోంచి లేచి వచ్చిన ఆయాసంతో.

"గుడ్ ఈవినింగ్, మేడమ్. ఐ యామ్ నైబర్. కుబ్రా, టెల్ హర్ ఎబౌట్ ది ఫిష్!"

 కుబ్రా కిసుక్కున నవ్వింది. ఆ నవ్వులోంచే ఒక మాట వచ్చింది, దాని వెనక ఇంకొకటి. దొరసాని కూడా నవ్వింది. ఇక ఆగలేదు. దొర మాట ఆపి, పరదా వైపు చూసి తల ఊపాడు. నేను చాయ్ చల్లారిపోయేదాకా ఆ గొంతులే వింటూ కూర్చున్నాను. ఆ రోజు తప్పులు ఏరలేదు.

దొర వెళ్ళాక గుమ్మంలో షఫీఉద్దీన్‌ను ఆపాను. "సాహెబ్, ఆ ఖిడ్కీ ఇక మూయించకండి."

"వ్యాకరణం లేదన్నరు గద?"

"అన్నాను. కుళ్ళుతో అన్నాను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా మీద అరిస్తే బాగుండుననిపించింది. చివరికి, "పదిహేను రోజులు నా బిడ్డ అన్నం సరిగ తినలేదు, మాస్టర్ సాబ్" అన్నాడు. అంతే. సలాం చేసి లోపలికి వెళ్ళాడు. ఉస్తాద్ అని పిలవలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి సూర్యప్రభ దీపం వెలిగించి వత్తి సరిచేస్తోంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది.

"షర్బత్ వల్ల కాదటండీ."

చెప్పులు విప్పబోతున్నవాణ్ణి గడప దగ్గరే ఆగాను.

"ఈవేళ అడిగి మరీ రెండు గ్లాసులు తాగాను. తాగి, తప్పయిపోయిందన్నాను. ఖైసర్ బేగం గారు నా చెయ్యి పట్టుకుని, కైకు జీ, తప్పెందుకు, నీ మియానే వద్దన్నాడట కదా అన్నారు."

"సూర్యం..."

"నాది తప్పుల ఇంగ్లీషని చెప్పారట. నిజమే. మరి అది నాతో ఎందుకు చెప్పలేదు? ఇంట్లోనే ఉన్నానుగా." వత్తి కొస గిల్లి పారేసి ఇటు తిరిగింది. ఏడవడం లేదు. "ఇకనుంచి మీతో ఆ తప్పుల ఇంగ్లీషే మాట్లాడతాను. దిద్దుతూ ఉండండి."

ఉత్త కోపమనుకున్నాను. మర్నాడు పొద్దున నీళ్ళు తోడి పెట్టి, "వాటర్ ఈజ్ రెడీ" అంది. మధ్యాహ్నం, "కమ్, ఈట్". సాయంత్రం మబ్బు చూసి, "రెయిన్ కమింగ్. బ్రింగ్ ది క్లోత్స్". ఒక్క తెలుగు మాట లేదు. తెలుగులో తిట్టి ఉంటే భరించేవాణ్ణి. మొదటి రెండు రోజులు నేను తెలుగులోనే జవాబిచ్చాను. ఆవిడ వినబడనట్టు ఊరుకుంది. మూడో రోజు ఆకలికి తాళలేక, "గివ్ మి సమ్ మోర్ పప్పు" అన్నాను. వడ్డించింది. ఐదో రోజుకు, "వేర్ ఈజ్ మై అంబ్రెల్లా?" అన్నాను. ఇంగ్లీషులో నాకు నిజంగా కావలసినది అడగడం జన్మలో అదే మొదలు. నాలుక ఎంత మొద్దుబారి ఉందో అప్పుడు తెలిసింది. షఫీఉద్దీన్ పలక పట్టుకుని ఎలా కూర్చునేవాడో కూడా.

నాగమణమ్మ వాకిట్లో నిలబడి నోరు నొక్కుకుంది. "ఏంది, మొగుడు పెండ్లాలు ఇంగ్రేజీల లొల్లి వెట్టుకుంటున్నరు? మాక్కూడ సమజయ్యేటట్టు కొట్లాడుండ్రి!"

పదో రోజున, "ఐ యామ్ సారీ" అన్నాను. ఆ రెండు నెలల్లో నేను దిద్దవలసిన తప్పు నేను చేసిందొక్కటే.

ఆవిడ నా వైపు చూసి, "కూర్చోండి, కాఫీ తెస్తాను" అంది తెలుగులో.

క్షమించిందని అనుకోవడానికి లేదు. కాఫీ ఇచ్చింది, అంతే. ఆ వారం నుంచే విమలాదేవి కోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మా పెరట్లోకి రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నాలు నా పడక గుమ్మం బయటికి మారింది. నా క్లాసుకు వచ్చే ఐదుగురూ జూన్ ఆఖరుకు ఇద్దరయ్యారు. మా ఇంటికి దారి అడిగేవాళ్ళు వామన్‌రావు మాస్టరు ఇల్లెక్కడ అనడం మానేసి, సూర్యబీ ఇల్లెక్కడ అనసాగారు. విన్న ప్రతిసారీ మళ్ళీ ఆవిడ తప్పులు ఏరుకోవాలనిపించేది. అసూయ ఒక్క పశ్చాత్తాపానికి చచ్చే పురుగు కాదు. ఆ సంగతి కూడా ఆ ఏడే తెలిసింది.

ఆషాఢం బోనాలు అయిన మూడో రోజు కుబ్రా బయలుదేరింది. బొంబాయి దాకా తండ్రి తీసుకెళుతున్నాడు. అక్కడి నుంచి ఓడలో దొరకు తెలిసిన కుటుంబం ఒకటి తోడుంది. నాంపల్లి స్టేషనుకు మేమూ వెళ్ళాం. షఫీఉద్దీన్ సామాను ఎక్కించడంలో మునిగి ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. ఆ సంగతి జరిగినప్పటి నుంచి మా మధ్య మర్యాద ఉంది కాని, మునుపటి చనువు లేదు. సూర్యప్రభ జనంలో వెనకబడింది.

ఆడవాళ్ళ పెట్టె కిటికీ దగ్గర నల్ల బురఖాలో ఒక ఆకారం కూర్చుని ఉంది. నేను వెళ్ళి కిటికీ ముందే నిలబడ్డాను. ఆ పిల్లతో ఏదైనా ఒక మంచి మాట చెప్పాలనిపించింది. ఇంగ్లీషులో చెప్పాలనుకుని, మనసులో వాక్యం కట్టుకుంటున్నాను. కర్త, కర్మ, క్రియ. గార్డు ఈల వేశాడు.

బురఖా లోంచి, ఎప్పుడూ నాకు ఒక్క మాటైనా ఇవ్వని ఆ గొంతు, స్పష్టంగా, ఎక్కడా తడుముకోకుండా పలికింది.

"ప్లీజ్ మూవ్ అసైడ్, మాస్టర్ సాబ్. ఐ కెనాట్ సీ మై టీచర్."

తప్పు ఒక్కటీ లేదు. ప్రతి మాటా అర్థమైంది. నేను పక్కకు జరిగాను.